మేడ మీద పెద్ద మోడల్ రైల్వే, దాని ఆటోమేషన్: గోదావరి జిల్లాల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమ. రైలు చూడాలంటే గోదావరి దాటి వెళ్ళాల్సిన ఊరు. చిన్నప్పటి ఆ ఆశతోనే సామర్లకోట జంక్షన్ నుంచి కాకినాడ మీదుగా కోటిపల్లి దాకా వెళ్ళే లైనును మేడ మీద 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉన్న గదిలో కట్టుకున్నాను. ఇప్పుడు ఏడు రైళ్ళు కంప్యూటరు చేతిలో తిరుగుతున్నాయి. చూడ్డానికి వచ్చేవాళ్ళూ ఫోన్ చేసేవాళ్ళూ అడిగేవి దాదాపు ఒకే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

హెచ్‌ఓ తీసుకోవాలా, ఎన్ తీసుకోవాలా అండీ?

హెచ్‌ఓ అంటే అసలు కొలతలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్ అంటే 160వ వంతు, పట్టాల మధ్య 9 మి.మీ. మన ఐసీఎఫ్ పెట్టె (పాత రకం ప్రయాణికుల పెట్టె) బఫర్లతో కలిపి 22.3 మీటర్లు ఉంటుంది. హెచ్‌ఓలో అది 25.6 సెం.మీ., ఎన్‌లో 14 సెం.మీ. అవుతుంది. పన్నెండు పెట్టెల రైలు ఇంజనుతో కలిపి హెచ్‌ఓలో మూడుంబావు మీటర్లు, ఎన్‌లో 1.8 మీటర్లు. స్టేషన్‌లో లూప్ లైను (రైలు పక్కకు తప్పుకుని ఆగే లైను) అంతకంటే పొడవుగా ఉండాలి, దానికి రెండు వైపులా పాయింట్లకు, అంటే రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే పట్టాలకు చోటుండాలి. ముందు ఈ లెక్క వేసుకోండి.

గది 20 అడుగులు దాటితే హెచ్‌ఓకే వెళ్ళమంటాను. మన వైపు గాలిలో తేమ ఎక్కువ, పట్టాలకు చిలుము త్వరగా పడుతుంది. ఎన్ ఇంజను తేలిక కాబట్టి కొంచెం మురికికే ఆగిపోతుంది. హెచ్‌ఓ ఇంజను బరువుకి చక్రం పట్టాను గట్టిగా ఒత్తుకుని కరెంటు తీసుకుంటుంది. చేత్తో నడిపేటప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు. కంప్యూటరు నడిపేటప్పుడు బాగా తెలుస్తుంది.

మన బ్రాడ్‌గేజ్ వెడల్పు కదా, హెచ్‌ఓ ట్రాక్ మీద మన రైళ్ళు పెడితే తప్పు కాదా?

లెక్క ప్రకారం తేడా ఉంది. మన గేజి 1676 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. రావాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ ట్రాక్ 1435 మి.మీ. గేజికి చేసినది. అంటే 2.8 మి.మీ. ఇరుకు. సరైన వెడల్పుతో పట్టాలు చేత్తో వేసే ఓపిక ఉన్నవాళ్ళంటే నాకు చాలా గౌరవం. కానీ అప్పుడు ప్రతి పాయింటూ, ప్రతి చక్రాల జతా మీరే తయారు చేసుకోవాలి. పెద్ద లేఅవుట్ కట్టి ఆటోమేషన్ దాకా వెళ్ళాలనుకుంటే దొరికే ట్రాకే వాడండి. స్లీపర్ల మధ్య దూరం, కంకర రంగు సరిగ్గా ఉంటే కన్ను ఆ 2.8 మి.మీ.ని పట్టించుకోదు.

మాది కొవ్వూరు. గోదావరి వంతెన మొత్తం స్కేలులో కట్టగలమా?

మొత్తం కష్టం. ఇప్పుడున్న కమానుల వంతెనకు 97.55 మీటర్ల స్పానులు (రెండు స్తంభాల మధ్య భాగాలు) 28. హెచ్‌ఓలో ఒక్కో స్పాను 1.12 మీటర్లు, వంతెన మొత్తం 31 మీటర్ల పైచిలుకు. ఎన్‌లో కట్టినా 17 మీటర్లు దాటుతుంది. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు నడిచిన పాత హేవ్‌లాక్ వంతెనకు 45.7 మీటర్ల స్పానులు 56. అందులో ఒక్కోటి హెచ్‌ఓలో 52.5 సెం.మీ. మాత్రమే. ఇంట్లో కట్టడానికి ఇదే నయం. ఆరు స్పానులు వేస్తే 3.15 మీటర్లు. ఒక గోడ పొడవునా హాయిగా సరిపోతుంది, కుదించినట్టు కూడా కనిపించదు.

నా సలహా ఒక్కటే. స్పానుల సంఖ్య తగ్గించండి, స్పాను కొలత మాత్రం తగ్గించకండి. కమాను పొట్టిగా చేస్తే రాజమండ్రి చూసిన ప్రతివాడికీ ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. 1974 నాటి రోడ్డు, రైలు వంతెన మీకిష్టమైతే దాని పెద్ద స్పాను 91.5 మీటర్లు, హెచ్‌ఓలో 1.05 మీటర్లు.

ఏ లైను ఎంచుకుంటే ఆటోమేషన్‌కి బాగుంటుంది?

ఆగకుండా రైళ్ళు తిరిగే డబుల్ లైను ఒకటి, దాని నుంచి విడిపోయే సింగిల్ లైను ఒకటి. ఈ రెండూ ఉంటే చూడ్డానికి బాగుంటుంది, కంప్యూటరుకూ చేతినిండా పని. సామర్లకోట అలాంటి చోటే. మెయిన్ లైను మీద గోదావరి ఎక్స్‌ప్రెస్ దూసుకుపోతుంటే, కాకినాడ వైపు నుంచి వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్, లైను ఖాళీ అయ్యేదాకా ఆగుతుంది. నిడదవోలు, భీమవరం కూడా మంచి జంక్షన్లు. చివర్న రైలు ఆగి ఇంజను మార్చుకునే స్టేషన్ కావాలంటే నరసాపురం ఉంది.

కోటిపల్లి లైను మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేస్తే మళ్ళీ 2004లో రైలొచ్చిన లైను అది. ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా వరిచేల మధ్య రైలుబస్సు నడిచింది. మోడల్‌గా ఒకే పెట్టె, ఒకే లైను, చిన్న చిన్న స్టేషన్లు. ఆటోమేషన్ నేర్చుకోవడానికి ఇంతకంటే తేలికైన లైను లేదు.

## గది, బల్ల

మేడ మీద గది ఎండాకాలం మండిపోతుంది, వానాకాలం చెమ్మగా ఉంటుంది. అక్కడ కట్టొచ్చా?

కట్టొచ్చు. వరద భయం ఉన్న ఊళ్ళలో మేడ మీదే కట్టాలి కూడా. అయితే బల్ల కంటే ముందు గది పని చూడండి. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు, లోపల ఫాల్స్ సీలింగు వేస్తే ఎండ దెబ్బ చాలా తగ్గుతుంది. కారే చోట్లు ఒక వానాకాలం మొత్తం గమనించాకే పని మొదలుపెట్టండి.

తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉంచగలిగితే చాలు. ఏసీ ఉంటే డ్రై మోడ్, లేకపోతే చిన్న డీహ్యూమిడిఫయర్. తేమ చూపించే డిజిటల్ మీటరు ఒకటి గోడకు తగిలించండి. చేపల చెరువుల పక్కన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళవాళ్ళు కిటికీలు తెరిచి ఉంచే అలవాటు మానుకోవాలి. ఉప్పుగాలి పట్టాల కంటే ముందు కనెక్టర్లను తినేస్తుంది.

ఏ ప్లైవుడ్ వాడాలి? చెదలు పట్టవా?

ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, 12 మి.మీ. మందం. డబ్బు సరిపోకపోతే ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ రకం. మామూలు కమర్షియల్ ప్లై మాత్రం వద్దు, మన వైపు రెండు వానాకాలాలకే పొరలు విడిపోతుంది. కోసిన అంచులన్నిటికీ ప్రైమరు వేయించండి. తేమ ఎక్కువగా దూరేది అంచుల నుంచే. వడ్రంగి మేస్త్రీ 'కనిపించదు కదండీ' అంటాడు, అయినా పట్టుబట్టండి.

కాళ్ళు, ఫ్రేము ఇనప చదరపు పైపుతో వెల్డింగ్ చేయించి రంగు వేయించాను. కాళ్ళ కింద ఎత్తు సరిచేసుకునే బోల్టులు పెట్టించాను. కర్ర ఎక్కడా నేలకీ గోడకీ తగలదు కాబట్టి చెదలు నేరుగా ఎక్కే దారి లేదు.

బల్ల ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉండాలి?

ఎత్తు 110 నుంచి 120 సెం.మీ. వెడల్పు చెయ్యి చాపితే అందేంత, అంటే 75 సెం.మీ. దాటకూడదు. గోడ వైపు పడిపోయిన పెట్టె అందకపోతే ఆ రోజు ఆట అక్కడితో సరి. మనిషి నడిచే దారి కనీసం రెండున్నర అడుగులు వదలండి. ముక్కలుగా కట్టి బోల్టులతో బిగించండి, ప్రతి ముక్కా గుమ్మంలోంచి బయటికి వచ్చేలా చూసుకోండి.

## పట్టాలు వేసేటప్పుడు

వంపు ఎంత ఉండాలి? ఏటవాలు ఎంత పెట్టొచ్చు?

అన్నిటికంటే పొడవైన పెట్టెకు మూడు రెట్లు వ్యాసార్ధం ఉంటే నమ్మకంగా నడుస్తుంది. ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) పెట్టె 24 మీటర్లు, హెచ్‌ఓలో 27.6 సెం.మీ. కాబట్టి వంపు 83 సెం.మీ. వ్యాసార్ధానికి తగ్గకుండా చూడండి. ఏటవాలు మీటరుకు 2 సెం.మీ. చాలు.

అసలు మన డెల్టాలో లైన్లు చదునుగానే ఉంటాయి. మోడల్‌లోనూ చదునుగానే ఉంచండి. ఏటవాలు ఉంటే ఎక్కేటప్పుడు ఇంజను జారుతుంది, దిగేటప్పుడు ఆగాల్సిన చోటు దాటుతుంది. ఆటోమేషన్‌లో ఆ రెండూ తలనొప్పులే.

జనవరిలో వేసిన ట్రాక్ మే నెలలో పాములా వంకర తిరిగింది. ఎందుకు?

పట్టా సాగింది, సాగడానికి చోటు లేదు. నికెల్ సిల్వర్ పట్టా 25 డిగ్రీల వేడి పెరిగితే మీటరుకు దాదాపు 0.4 మి.మీ. సాగుతుంది. పది మీటర్లకు 4 మి.మీ. చలికాలంలో వేసేటప్పుడు మీటరుకొక చోట విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదలండి. మండే మేలో వేస్తే ఖాళీ దాదాపు అక్కర్లేదు. వంపుల్లో జాయింట్లు టంకం పెట్టి కలపండి, ఖాళీలన్నీ నేరుగా ఉన్న చోట వదలండి. టంకం పెట్టని ప్రతి పట్టా ముక్కకూ కింద నుంచి విడిగా వైరు ఇవ్వాలి. పట్టా ముక్కలను కలిపే జాయినరు కరెంటు మోస్తుందని నమ్మి నేను ఒక వానాకాలం మొత్తం పోగొట్టుకున్నాను.

పాయింట్ల దగ్గరే పెట్టెలు పడిపోతున్నాయి. ఏం చూడాలి?

ముందు చక్రాలు చూడండి, తర్వాత పాయింటు. హెచ్‌ఓలో ఒక జత చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మి.మీ. దరిదాపులో ఉండాలి. కాలిపర్‌తో ప్రతి జతా కొలవండి. కొత్త పెట్టెల్లో కూడా తేడాలుంటాయి. ప్లాస్టిక్ చక్రాలుంటే లోహపు చక్రాలు వేయండి. ప్లాస్టిక్ చక్రం మురికిని లైనంతా పూస్తుంది.

చక్రాలు బాగుంటే పాయింటు నాలుక (అటూ ఇటూ కదిలే పట్టా) పక్క పట్టాకు పూర్తిగా ఆనుతోందో లేదో చూడండి. ఒక్క కంకర రాయి ఇరుక్కున్నా ఆనదు. అదీ బాగుంటే గాజు పలక మీద పెట్టి పాయింటు మెలి తిరిగిందేమో చూడండి. ఒకే పెట్టెను వంద సార్లు వెనక్కి నెట్టి పడకుండా ఉంటేనే ఆ పాయింటును కంప్యూటరుకు అప్పగిస్తాను.

## వైరింగ్

మామూలు డీసీతో పెద్ద లేఅవుట్ నడవదా? డీసీసీ తప్పనిసరా?

డీసీలో పట్టాకు ఇచ్చిన కరెంటును బట్టి దాని మీదున్న ఇంజన్లన్నీ కదులుతాయి. రెండు రైళ్ళు విడిగా నడవాలంటే లైనును ముక్కలు చేసి స్విచ్చులు పెట్టాలి. డీసీసీలో (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పట్టా మీద ఎప్పుడూ నిండు కరెంటు ఉంటుంది, అందులోనే అంకెల రూపంలో ఆజ్ఞలు వెళ్తాయి. ఇంజను లోపలున్న డీకోడరు తన నంబరుకు వచ్చిన ఆజ్ఞనే పాటిస్తుంది. నాలుగు రైళ్ళు దాటి ఆటోమేషన్ చేయాలనుకుంటే డీసీసీయే దారి. ఇది ప్రామాణికం కాబట్టి ఒక కంపెనీ కంట్రోలరుతో ఇంకో కంపెనీ డీకోడరు పనిచేస్తుంది.

వైరు ఎంత మందం వాడాలి?

బల్ల కింద పొడవునా వెళ్ళే ప్రధాన వైరు 2.5 చదరపు మి.మీ. రాగి. ఇంటి వైరింగుకు వాడేదే, ఎరుపు ఒక కాయిల్, నలుపు ఒక కాయిల్ కొనండి. పది మీటర్ల దూరానికి 5 ఆంపియర్లు వెళ్తే ఇందులో 0.7 వోల్టు తగ్గుతుంది. ఒక చదరపు మి.మీ. వైరు వాడితే 1.7 వోల్టులు తగ్గుతుంది. చివరి స్టేషన్‌లో రైలు నీరసంగా నడవడానికి కారణం తరచుగా ఇదే. ప్రధాన వైరు నుంచి పట్టాకు వెళ్ళే సన్న వైర్లు అడుగు లోపే ఉండాలి, మీటరుకొకటి ఇవ్వాలి.

రంగులు మార్చకండి. గోడ వైపు పట్టా ఎరుపు అనుకుంటే లేఅవుట్ మొత్తం అదే.

షార్ట్ సర్క్యూట్ రక్షణ పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రూపాయి నాణెం రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. బ్రేకరు వెంటనే పడాలి. లేఅవుట్‌లో మీటరుకొక చోట ఇదే పరీక్ష చేయండి. ఎక్కడైనా పడకపోతే అక్కడ వైరింగు బలహీనంగా ఉందని అర్థం. అలాంటి చోట రైలు పడిపోతే 5 ఆంపియర్లు ఆగకుండా పారి పెట్టె అడుగు కరిగిపోతుంది. రైళ్ళు తెచ్చుకోక ముందే చేయాల్సిన పరీక్ష ఇది. పెద్ద లేఅవుట్‌ను మూడు నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగానికి విడి బ్రేకరు పెడితే ఒకచోట షార్ట్ అయినా మిగతా రైళ్ళు ఆగవు.

రైలు తిరిగి అదే లైనులోకి వచ్చే లూపు పెట్టగానే షార్ట్ అవుతోంది.

లూపు తిరిగి వచ్చేసరికి ఎడమ పట్టా కుడి పట్టాను కలుస్తుంది. లూపులో రైలు పొడవుకు తగ్గని ఒక ముక్కను రెండు చివర్లా రెండు పట్టాలూ కోసి వేరు చేయండి. దానికి ఆటో రివర్సరు ద్వారా కరెంటు ఇవ్వండి. రైలు దాటేటప్పుడు అది క్షణంలో ధ్రువాలు మారుస్తుంది.

రైళ్ళు తిరుగుతుండగా కరెంటు పోతే ఏమవుతుంది? మా ఊళ్ళో రోజుకి రెండుసార్లు పోతుంది.

రైళ్ళు ఎక్కడివక్కడ ఆగుతాయి, నష్టమేమీ లేదు. అసలు నష్టం కంప్యూటరు ఆగిపోయినప్పుడు. ఏ రైలు ఎక్కడుందో అది మర్చిపోతుంది, మళ్ళీ ఒక్కోటి చేత్తో చెప్పాలి. కాబట్టి కంప్యూటరుకూ, ఆజ్ఞలు పంపే కమాండ్ స్టేషన్‌కూ యూపీఎస్ పెట్టండి. పట్టాలకు కరెంటిచ్చే బూస్టరుకు అక్కర్లేదు.

జాగ్రత్త పడాల్సింది కరెంటు తిరిగి వచ్చినప్పుడు. రైళ్ళన్నీ ఒక్కసారిగా పాత వేగంతో కదలకుండా, ముందు అన్నిటికీ స్టాప్ ఆజ్ఞ వెళ్ళేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి. చెరువుల ఏరియేటర్లు నడిచే ఊళ్ళలో వోల్టేజి ఊగిసలాట ఎక్కువ, స్టెబిలైజరు కూడా ఉంచండి.

## ఆటోమేషన్

ఆటోమేషన్‌కి అసలు ఏమేం కావాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

రైలు ఎక్కడుందో చెప్పే సెన్సార్లు, పాయింట్లు తిప్పే మోటార్లు, ఇంజన్లకు ఆజ్ఞలిచ్చే డీసీసీ, ఈ మూడిటినీ కలిపే సాఫ్ట్‌వేర్. సామాను ఇంతే.

కానీ అడిగిన ప్రతివాళ్ళకీ నేను మొదట చెప్పే మాట వేరు. ఆటోమేషన్‌లో ముప్పాతిక వంతు పట్టాల పనే. మనం నడిపేటప్పుడు రైలు పాయింటు మీద ఆగితే తెలియకుండానే వేలితో తోస్తాం, తూలుతుంటే వేగం తగ్గిస్తాం. లోపాన్ని మన చెయ్యి కప్పేస్తుంది. కంప్యూటరుకు చెయ్యి లేదు. రైలు వెళ్తూనే ఉందనుకుంటుంది, వెనక రైలును పంపిస్తుంది. నేను మొదటి ఏడాది సాఫ్ట్‌వేర్ తప్పులనుకుని వెతికినవాటిలో ఎక్కువ భాగం టంకం సరిగ్గా పట్టని వైర్లే. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను. గంటసేపు ఎవరూ ముట్టుకోకుండా ఒక రైలు ఒక లైను మీద తిరగాలి. వేలు తగిలితే గంట మళ్ళీ మొదటి నుంచి. అది దాటిన లైనుకే సెన్సార్లు పెడతాను.

మొదలుపెట్టడం రెండు స్టేషన్ల మధ్య ఒక్క రైలుతో. వెళ్ళడం, ఆగడం, తిరిగి రావడం. అది వారం రోజులు నమ్మకంగా నడిచాక రెండో రైలు.

బ్లాకులు ఎన్ని పెట్టాలి, ఎంత పొడవు?

లైనును విడదీసిన ఒక్కో ముక్క ఒక బ్లాకు. అసలు రైల్వేలో లాగే ఒక బ్లాకులో ఒక్కటే రైలు. కాబట్టి మీ పొడవైన రైలు కంటే బ్లాకు పొడవుండాలి, ఆగడానికి ఇంకో అర మీటరు కావాలి. నా దగ్గర ఎనిమిది పెట్టెల రైలు 2.3 మీటర్లు, అందుకని బ్లాకులు 3 మీటర్లు. ఆగకుండా నడవాలంటే రైళ్ళ కంటే బ్లాకులు కనీసం రెండు ఎక్కువ ఉండాలి. ముందు బ్లాకు ఖాళీగా లేకపోతే వెనక రైలు కదలదు, అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి.

కరెంటు పట్టే సెన్సారు మంచిదా, ఇన్‌ఫ్రారెడ్ మంచిదా?

రెండూ కావాలి, పనులు వేరు. పట్టాలో కరెంటు పారుతోందా అని చూసే సెన్సారు బ్లాకు మొత్తం కాపలా కాస్తుంది. రైలు ఎక్కడ ఆగిపోయినా 'ఉంది' అంటుంది. పెట్టెలు కరెంటు వాడవు కాబట్టి చివరి పెట్టె ఇరుసుకు 10 కిలో ఓమ్ రెసిస్టరు అతికించాలి. కొక్కెం ఊడి పెట్టెలు వెనక ఉండిపోతే అదే కాపాడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఒక చుక్క దగ్గర 'ఇప్పుడు దాటింది' అని మాత్రమే చెబుతుంది. ప్లాట్‌ఫారం చివర కచ్చితంగా ఆపడానికి అది బాగుంటుంది. కిటికీ పక్కన పెట్టకండి, ఎండ పడితే తప్పు చెబుతుంది.

వానాకాలంలో ఖాళీ బ్లాకులో రైలు ఉన్నట్టు చూపిస్తోంది. సెన్సారు పాడైందా?

చాలావరకు కాదు. కంకరను అతికించిన జిగురు తేమ పీల్చుకుని రెండు పట్టాల మధ్య కొంచెం కరెంటు పారనిస్తుంది. 10 కిలో ఓమ్ రెసిస్టరు తీసుకునేది దాదాపు ఒకటిన్నర మిల్లీ ఆంపియర్లే. చెమ్మగా ఉన్న పొడవైన బ్లాకులో ఆ మాత్రం లీకేజి వస్తే సెన్సారు రైలనే అనుకుంటుంది. మొదటి ఆషాఢంలో నా ద్రాక్షారామం బ్లాకు మూడు రోజులు ఖాళీ కాలేదు. సెన్సారు బోర్డు రెండుసార్లు మార్చాను. చివరికి తేమ తగ్గించాక అదే సర్దుకుంది.

గది ఆరబెట్టండి, సెన్సారు సున్నితత్వం కొంచెం తగ్గించండి, బ్లాకు మరీ పొడవైతే రెండుగా విడగొట్టండి. కొత్తగా కంకర అతికించిన చోట మూడు రోజులు ఆరకుండా సెన్సారును సర్దకండి.

నాకు కోడింగ్ రాదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

జేఎంఆర్‌ఐ ఉచితం, మామూలు పాత కంప్యూటరు మీదైనా నడుస్తుంది. డీకోడరు సెట్టింగులు మార్చడానికీ, స్క్రీన్ మీద ప్యానెల్ గీయడానికీ అది చాలు. రోక్‌రైల్, ఐట్రెయిన్, ట్రెయిన్‌కంట్రోలర్ బ్లాకులు, టైంటేబుళ్ళ మీద ఎక్కువ దృష్టి పెట్టినవి. వాటిలో లైను బొమ్మ గీసి, ఏ బ్లాకుకి ఏ సెన్సారో చెబితే చాలు, కోడింగ్ అక్కర్లేదు. కమాండ్ స్టేషన్ కొనే స్తోమత లేని కాలేజీ పిల్లలకు డీసీసీ-ఈఎక్స్ చెబుతాను. ఆర్డువినో మెగా బోర్డు, మోటార్ షీల్డుతో ఇంట్లోనే కట్టుకోవచ్చు. దాంట్లోని ఎక్స్‌రైల్‌తో చిన్న లైనును కంప్యూటరు లేకుండానే నడపొచ్చు.

రైలు ప్రతిసారీ వేరే చోట ఆగుతోంది. ప్లాట్‌ఫారం దాటిపోతోంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒక వేగం, వేడెక్కాక ఇంకో వేగం. పది నిమిషాలు తిప్పాకే వేగం కొలవండి. రెండు సెన్సార్ల మధ్య దూరం మీటరు అనుకుంటే, హెచ్‌ఓలో గంటకు 60 కి.మీ.కి సమానమైన వేగంతో దాన్ని 5.2 సెకన్లలో దాటాలి. ఇలా ఒక్కో ఇంజనుకు వేగాల పట్టిక తయారుచేసి సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వాలి.

రెండో కారణం డీకోడరులోని సీవీ 3, సీవీ 4 అనే సెట్టింగులు. అవి ఇంజను మెల్లగా వేగం పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ. చేత్తో నడిపేటప్పుడు పెద్ద అంకెలు అందంగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ బ్రేకు వేస్తున్నప్పుడు డీకోడరూ విడిగా ఆలస్యం చేస్తే లెక్క తప్పుతుంది. రెండిటినీ బాగా తగ్గించండి. చక్రాలు తుడిచి మళ్ళీ చూడండి.

పాయింట్లకు పెట్టిన సర్వోలు (చిన్న మోటార్లు) ఊరికే వణుకుతున్నాయి.

సర్వోలకు విడిగా 5 వోల్టుల సప్లై ఇవ్వండి, ఆర్డువినో నుంచి ఇవ్వకండి. బోర్డు దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టండి. పాయింటు తిరిగాక సిగ్నల్ ఆపేసేలా ప్రోగ్రాము ఉంటే వణుకూ ఉండదు, వేడీ ఉండదు.

మన సిగ్నళ్ళు ఏ వరుసలో పెట్టాలి?

ముందు లైను బాగా ఖాళీ ఉంటే ఆకుపచ్చ, తర్వాత రెండు పసుపులు, తర్వాత ఒక పసుపు, ఆఖర్న ఎరుపు. పై దేశాల సాఫ్ట్‌వేర్‌లో రెండు పసుపుల సిగ్నల్ సిద్ధంగా లేకపోతే మీరే కొత్త రకం సిగ్నల్‌గా చేర్చుకోవచ్చు.

## చేలు, కాలువలు, చెట్లు

గోదావరి నీళ్ళ రంగు ఎలా తేవాలి?

ముందు ఏ నెలో నిర్ణయించుకోండి. శ్రావణంలో వరద నీరు ఎర్రమట్టి రంగు. సంక్రాంతికి ఆకుపచ్చ కలిసిన నీలం, ఇసుక తిన్నెలు కనిపిస్తాయి. ఎండాకాలం కాలువలు కట్టేస్తే అడుగున బురద, గుర్రపుడెక్క. నీళ్ళు ఎర్రగా పోసి పక్కన చేలు కోతకొచ్చినట్టు పసుపు రంగు వేస్తే, మన రైతు చూసిన మరుక్షణం పట్టేస్తాడు. నేను సంక్రాంతి ముందు రోజులు ఎంచుకున్నాను. కుప్పలు వేసిన చేలు, తేటనీరు.

రంగు అడుగున వేయాలి, పైన పారదర్శకంగా ఉండే ఎపాక్సీ రెసిన్ 3 మి.మీ. చొప్పున పొరలుగా పోయాలి. వానాకాలంలో పోయకండి. తేమకు పైన పాలలా తెల్లబడి జిగటగా ఉండిపోతుంది. డిసెంబరు, జనవరి మంచి కాలం.

రేవులోంచి తెచ్చిన ఇసుక వాడొచ్చా?

వాడొచ్చు, మన ఇసుక కంటే మన నేలకు నప్పేది లేదు. కడిగి, ఎండబెట్టి, సన్న జల్లెడ పట్టి, చివర్న బలమైన అయస్కాంతం అందులో తిప్పండి. నల్లటి ఇనప రేణువులు ఎన్ని అంటుకుంటాయో చూస్తే ఆశ్చర్యపోతారు. అవి ఇంజను మోటారు అయస్కాంతానికి అతుక్కుంటే మోటారు పోయినట్టే. అయస్కాంతానికి ఏమీ అంటనిదాకా తిప్పండి.

కొబ్బరి చెట్లు ఎలా చేశారు?

20 మీటర్ల చెట్టు హెచ్‌ఓలో 23 సెం.మీ. మానుకు ఇనప తీగ, దాని మీద పేపరు టేపు చుట్టి గణుపులు. ఆకుకు సన్న రాగి తీగను ఆకుపచ్చ కాగితం మడతలో అతికించి, అంచులు కత్తెరతో ఏటవాలుగా సన్నగా కోయాలి. చెట్టుకు పాతిక ఆకులు. ఎండిన ఆకులు రెండు మూడు కిందికి వేలాడాలి. కాలువ గట్టు మీద చెట్లు నీటి వైపు వంగి, మళ్ళీ పైకి లేస్తాయి. ఆ వంపు లేకపోతే కోనసీమ కాదు. మా అమ్మ కూర్చుని నాకు మూడు వందల చెట్లకు ఆకులు కోసిపెట్టింది.

## రోజూ నడిపేటప్పుడు

పట్టాలు ఎన్నాళ్ళకోసారి తుడవాలి? దేంతో?

పొడి రోజుల్లో పదిహేను రోజులకోసారి, వానాకాలంలో వారానికోసారి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలు గుడ్డ చాలు. కిటికీ తెరిచి, కరెంటు ఆపి తుడవండి. ఉప్పుకాగితం ఎప్పుడూ వద్దు, అది చేసే గీతల్లోనే మురికి చేరుతుంది. హార్డ్‌బోర్డు గరుకు వైపు కిందికి ఉండేలా ఒక పెట్టె కింద అమర్చి రోజూ మొదటి రైలుతో లాగిస్తే సగం పని తగ్గుతుంది. ఇంజన్లలో కెపాసిటరు పెట్టించుకుంటే చిన్న మురికి చుక్కల మీద ఆగకుండా దాటిపోతాయి.

బోర్డుల్లోకి బల్లులు, చీమలు దూరుతున్నాయి.

అన్ని బోర్డులూ మూత ఉన్న డబ్బాల్లో పెట్టి, వైర్లు దూరే రంధ్రాలు రబ్బరు గ్రోమెట్‌తో మూయండి. గాలి రంధ్రాలకు సన్న దోమల జాలీ. గదిలో తినుబండారాలు వద్దు. ఎలుకల కోసం వైర్లను పైపులో వేయండి.

మీ లైను కోటిపల్లితో ఆగిపోయిందేం? తర్వాత ఏముంది?

బల్ల చివర గోదావరి పాయ గౌతమి ఒడ్డు ఉంది. ఆ పక్కన ఇంకో బల్ల కట్టి నీళ్ళు కూడా పోశాను. కోటిపల్లి, నరసాపురం లైను కోసం కోనసీమ ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తోందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. నా గౌతమిలో వంతెన స్తంభాలు నిలబెట్టాను, అవతల గట్టు మీద వైరింగు కూడా అయిపోయింది. ఒక బ్లాకు, రెండు సెన్సార్లు, రైలు బయల్దేరడానికి ఒక స్టార్టరు సిగ్నల్. ఆ సిగ్నల్ ఎరుపులో ఉంచాను. అసలు లైను మీద మొదటి రైలు అమలాపురం చేరిన రోజున గర్డర్లు వేస్తాను.